దెయ్యం సినిమాల గురించి మీతో నాలుగు మాటలు

తల్లిదండ్రులకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నమస్కారం.

క్వార్టర్లీ సెలవులయ్యాక బడి తెరిచిన మొదటి వారంలోనే మూడో తరగతి టీచరు నాకో విషయం చెప్పారు. ఆడపిల్లలు బాత్రూముకు ఒంటరిగా వెళ్లడం లేదు. నలుగురైదుగురు చేతులు పట్టుకుని వెళ్తున్నారు, పరుగెత్తుకుంటూ తిరిగొస్తున్నారు. ఒక పాప అయితే సాయంత్రం దాకా ఆపుకుని కూర్చుంటోంది. అందుకోసం మంచినీళ్లు తాగడం కూడా మానేసింది. దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే, "పేయ్ పడం చూశాం మిస్" అంది. పేయ్ పడం అంటే దెయ్యం సినిమా అని చెన్నైలో ఉన్న మనకు వేరే చెప్పక్కర్లేదు. సెలవుల్లో బంధువుల ఇంట్లో పెద్దపిల్లలు ఫోన్లో సినిమా పెట్టుకుంటే, వాళ్లతో పాటు దుప్పటి కింద దూరి తనూ చూసింది. పెద్దవాళ్లంతా పక్క గదిలోనే ఉన్నారు. ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి పాపకు సరిగ్గా నిద్ర లేదు.

ముందు మా తప్పు ఒకటి చెప్పాలి. బాత్రూములకు వెళ్లే వరండా చివర ట్యూబ్‌లైట్ కొన్నాళ్లుగా వెలగడం లేదు. పిల్లలు చెప్పలేదు, మేమూ చూసుకోలేదు. మర్నాడే మార్పించాం.

ఎవరినీ తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. భయపడటంలో ఉండే సరదా ఈ తరంతో మొదలైంది కాదు. మీలో కొందరి ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన రోజులు గుర్తుండే ఉంటాయి. వణుకుతూనే ఆ కథ మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాం కదా.

ఈ ఇష్టం ఎక్కడిది? పాల్ రోజిన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, మనుషులు మిరపకాయ కారాన్ని ఎందుకు ఇష్టపడతారని చాలా ఏళ్లు పరిశోధించారు. నోరు మండుతుంది, ముక్కు కారుతుంది, ఏదో ప్రమాదం వచ్చినట్టు ఒళ్లు గగ్గోలు పెడుతుంది. అయినా ప్రమాదమేమీ లేదని మనసుకు తెలుసు. అలా తెలిసి ఉండటమే ఆ మంటను రుచిగా మారుస్తుందని ఆయన అంటారు. భయపెట్టే సినిమాలనూ ఆయన ఇదే కోవలో చేర్చారు. కళ్లు తుడుచుకుంటూ ఇంకో ముద్ద ఆవకాయ కలుపుకునే మనకు ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.

ఒంట్లో జరిగేది కూడా అలాంటిదే. తెర మీద తలుపు ధడాలుమనగానే, ఇది సినిమా అని మనం అనుకునే లోపే మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం కదిలిపోతుంది. అడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది, గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమరుస్తాయి. సీను అయిపోయినా ఆ వేడి వెంటనే చల్లారదు. ఆ మిగిలిన ఉద్రేకమే తర్వాత వచ్చే ఊరటకు బలం ఇస్తుందని డాల్ఫ్ జిల్‌మన్ అనే పరిశోధకుడు వివరించారు. హాల్లో కెవ్వున అరిచిన కుర్రాళ్లు మరుక్షణం పగలబడి నవ్వడం అందుకే.

అయితే మోతాదు ముఖ్యం. డెన్మార్క్‌లో జనాన్ని భయపెట్టడానికే కట్టిన ఒక దెయ్యాల కొంపలోకి 110 మందిని పంపి, వాళ్ల గుండె వేగాన్ని కొలిచారు. 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. భయం చాలనివాళ్లకూ మజా రాలేదు, మరీ హడలిపోయినవాళ్లకూ రాలేదు. మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువ ఆనందించారు.

మన ఇళ్లలో చంటిపిల్లలకు ఆవకాయ ముక్కను నీళ్లలో కడిగి పెడతాం. కారం ఎవరు తట్టుకోగలరో, ఎంత తట్టుకోగలరో ముఖం చూసి చెప్పగలిగే మనం, భయం విషయంలో ఆ లెక్క మరిచిపోతున్నామని నా బాధ.

చిన్నపిల్లల భయం మన భయంలాంటిది కాదు. జోఆన్ కాంటర్ అనే పరిశోధకురాలు దశాబ్దాల పాటు దీని మీదే పనిచేశారు. ఏడేళ్ల లోపు పిల్లలు కంటికి కనిపించే రూపాన్ని చూసే భయపడతారు. వికారంగా మారిపోయే ముఖం చాలు. "అది నిజం కాదమ్మా, మేకప్" అని ఎంత చెప్పినా ఆ వయసులో ఎక్కదు. దగ్గరకు తీసుకోవడం, వేడిపాలు ఇవ్వడం, పక్కన పడుకోవడం పనిచేస్తాయి. మాటతో నచ్చజెప్పడం ఎనిమిదేళ్లు దాటాక నెమ్మదిగా పనిచేస్తుంది. ఆ వయసులో నిజంగా జరగగలిగేవి, అంటే దొంగలు, కిడ్నాపులు లాంటివి ఎక్కువ వణికిస్తాయి.

కాంటర్, మరో పరిశోధకురాలు కలిసి 1999లో ప్రచురించిన అధ్యయనం నన్ను చాలా ఆలోచింపజేసింది. దాదాపు 150 మంది కాలేజీ విద్యార్థులను అడిగితే, నూటికి 90 మంది చిన్నప్పుడో, టీనేజీలోనో తెర మీద చూసినదేదో తమను గట్టిగా భయపెట్టిందని చెప్పారు. నాలుగో వంతు మందిలో ఆ బెరుకు ఇంకా పోలేదు. బ్రిటన్‌లో 1992లో బీబీసీ ఒక దెయ్యం నాటకాన్ని ప్రత్యక్ష ప్రసారంలా చూపించింది. దాని తర్వాత తీవ్రంగా కలతపడిన ఇద్దరు పదేళ్ల అబ్బాయిల గురించి డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు. నిజమేమో అనిపించేలా తీసిన సినిమాలు పిల్లలకు మరింత ప్రమాదం. "ఇది యథార్థ గాథ" అని మొదట్లో వేసేవాటితో జాగ్రత్తగా ఉండండి.

మా అమ్మమ్మ రాక్షసుల కథలు చెప్పేది. చెబుతూ చెబుతూ మా ముఖాలు చూసేది. నా పెదవి వణికితే చాలు, రాక్షసుడికి తుమ్మొచ్చేది, కథ మలుపు తిరిగేది. ఫోనుకు పిల్లల ముఖం కనిపించదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దుప్పటి కింద చూసే పాపకు "ఇక చాలు" అనేవాళ్లు ఎవరూ ఉండరు. నా గట్టి అభిప్రాయం ఇదే: సినిమా కంటే ఆ ఒంటరితనమే ఎక్కువ చెరుపు చేస్తుంది.

సినిమాకు ఇచ్చిన సెన్సార్ సర్టిఫికెట్ చూసే అలవాటు చేసుకోండి. 2023 చట్ట సవరణతో, పెద్దల మార్గదర్శనంలో పిల్లలు చూడదగ్గ యు/ఎ విభాగాన్ని వయసును బట్టి 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడుగా విడగొట్టారు. ఓటీటీ యాప్‌లలో పిల్లల లాక్ ఉంటుంది, పెట్టండి. ఆ పిన్ నంబరు పుట్టినరోజు తేదీ కాకుండా చూసుకోండి. పిల్లలు మొదట కొట్టి చూసేది అదే.

భయపడిన బిడ్డను దయచేసి "ఇంత పెద్దదానివి, సిగ్గులేదూ" అనకండి. అలా అంటే భయం పోదు, మీకు చెప్పడం ఆగిపోతుంది. అన్నం తినకపోతే బూచాడొస్తాడని బెదిరించడమూ మానేద్దాం. విభూతి పెట్టడం, దిష్టి తీయడం మీ ఇంటి పద్ధతి అయితే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఆ తర్వాత పక్కన కూర్చుని, ఏం చూశావో చెప్పమ్మా అని అడగండి. బొమ్మ గీయమనండి. వారాలు గడిచాక కూడా నిద్ర పట్టకపోయినా, పక్క తడుపుతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మాత్రం పూర్తిగా వద్దనడం సరికాదనుకుంటున్నాను. కోవిడ్ తొలి నెలల్లో హారర్ సినిమాల అభిమానులు మిగతావాళ్ల కంటే తక్కువ టెన్షన్ పడ్డారని ఒక అధ్యయనంలో తేలింది. సినిమాల వల్లే అలా అయిందని దాన్నిబట్టి చెప్పలేం. కానీ భయాన్ని తట్టుకోవడం కూడా కొంత సాధనతో వస్తుంది. వాళ్లతో కలిసి చూడండి, పగటిపూట, లైటు వేసుకుని. తమ్ముడో చెల్లెలో ఆ గదిలో ఉంటే మాత్రం ఆపేయమనండి.

మన విద్యార్థి ఒకరి తాతగారు కోడంబాకం స్టూడియోల్లో సౌండ్ ఎఫెక్ట్స్ చేసి రిటైరయ్యారు. పోయిన శుక్రవారం మా కోరిక మీద ఒక సంచీ పట్టుకుని బడికి వచ్చారు. తుప్పుపట్టిన తలుపు బందు, తడిగుడ్డ, ఇసుక పోసిన పళ్లెం, ఒక జత పాత చెప్పులు. పిల్లలను కళ్లు మూసుకోమన్నారు. ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు, తలుపు కిర్రుమని తెరుచుకున్నట్టు, ఏదో నేల మీద ఈడ్చుకొస్తున్నట్టు వినిపించింది. నాకే ఒళ్లు జలదరించింది. తర్వాత కళ్లు తెరవమని, అంతా మళ్లీ చేసి చూపించారు.

మూడో తరగతి పాప ముందు వరసలోనే కూర్చుంది. మొదట చెవులు మూసుకుంది. చివర్లో లేచి వెళ్లి, ఆ తలుపు బందు ఒకసారి తనకివ్వమని అడిగింది. పది నిమిషాలు వదల్లేదు.

తాతగారు నవంబరు మొదటి శనివారం ఉదయం పది గంటలకు మళ్లీ వస్తారు. వీలైతే మీరూ రండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు