డ్యూటీ రూమ్‌లో కాగితం అతికించిన సీనియర్‌గారికి కృతజ్ఞతలు

పేరు రాయకుండా ఆ కాగితం అతికించి వెళ్లిన సీనియర్‌గారూ, మా జూనియర్ డాక్టర్ల బ్యాచ్ అందరి తరఫునా మీకు నమస్కారాలు.

"నాకేమీ రాదు, ఏదో ఒకరోజు అందరికీ తెలిసిపోతుంది" అని బెంగపడేవాళ్లకు ధైర్యం చెప్పేవాళ్లు బోలెడుమంది. మీరు మాత్రం ఆ కాగితంలో చేయాల్సిన పని రాశారు. ఈ బెంగ (ఇంపోస్టర్ ఫీలింగ్) ఎంతుందో కొలిచే క్లాన్స్ స్కేలులో 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 60 దాటితే ఈ భావన తరచూ వేధిస్తోందని అర్థం, అంతేగానీ అది జబ్బు నిర్ధారణ కాదని కూడా గుర్తుచేశారు.

అన్నిటికంటే పనికొచ్చింది, రాత్రిపూట పెద్ద డాక్టర్‌కి ఫోన్ చేయడానికి జంకేవాళ్లకు రాసిన భాగం. ముందు బీపీ, పల్స్, శ్వాస రేటు, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), జ్వరం చూసుకోవాలి. కేస్ షీటు, మందుల చార్టు చేతిలో ఉండాలి. "సారీ సార్, డిస్టర్బ్ చేస్తున్నా" అని మొదలుపెడితే అసలు సంగతి వెనకబడుతుంది. "ఆరో బెడ్ పేషెంట్‌కి సాచురేషన్ 95 నుంచి 88కి పడింది" అన్నదే మొదటి వాక్యం. తర్వాత పూర్వాపరాలు, మన అంచనా, చివరికి "మీరు వచ్చి చూడాలి" అని సూటిగా అడగడం. సందేహంతో ఫోన్ చేయడం చేతకానితనం కాదు, డ్యూటీలో భాగమే. (ఈ ముక్క సీనియర్లూ చదవాలి.)

"ఎలా చేశాను?" అని సీనియర్లను అడిగితే "బానే ఉంది" అంటారు, దాన్ని మనసు నమ్మదు. "ఈ కేసు హిస్టరీలో ఏం వదిలేశాను?" అని అడగమన్నారు. దానికి జవాబు దొరుకుతోంది. దిగులు, నిద్రలేమి రెండు వారాలు వదలకపోతే మాత్రం ఈ కాగితం చాలదు, మానసిక వైద్యుణ్ని కలవండని కింద ఎర్ర ఇంకుతో రాసినందుకు ప్రత్యేకంగా థాంక్స్.