డిసెంబర్ వార్తాలేఖ: పిడికెడు బియ్యం, చుట్టి పడేసిన గాజుపెంకు

తల్లిదండ్రులకు ప్రభువు నామమున వందనాలు.

క్రిస్మస్ దగ్గర పడుతోందంటే పిల్లలు పాత బట్టల మూటలు, బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చి బడి ఆఫీసు గది ముందు పేర్చడం మామూలే. ఈసారి అది వద్దనుకున్నాం. ఒకరోజు ఇచ్చి మర్నాడు మరిచిపోయే దానం కంటే, ఇంట్లో రోజూ చేసే చిన్న పని పిల్లల చేతికి బాగా అలవాటవుతుంది. లూకా సువార్త పదో అధ్యాయంలో సమరయుణ్ణి చూడండి. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. మర్నాడు రెండు దేనారాలిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. జాలిపడ్డాడన్నది ఒక్క మాట, మిగతాదంతా పనే. అందుకే ఈ లేఖ నిండా పనులే ఉన్నాయి.

మొదటిది పిడికెడు బియ్యం. చర్చి సంఘాల్లో పెద్దవాళ్లకు ఇది తెలిసిందే: వండే ముందు ఓ పిడికెడు తీసి, అవసరమున్నవాళ్ల కోసం వేరే డబ్బాలో వేయడం. పదేళ్ల పిల్ల పిడికిట్లో పాతిక, ముప్పై గ్రాములు పడతాయి. రోజుకొకసారి తీసినా నెలకు ముప్పావు కిలోకు తక్కువ కాదు. ఆ పిడికిలి మాత్రం పిల్లదే కావాలి. స్కూలుకు టైమవుతోందని అమ్మే తీసి వేస్తే డబ్బా నిండుతుంది, పిల్లకు అబ్బేది ఏమీ ఉండదు. తడి చేత్తో తీస్తే బియ్యం ముద్దకట్టి ముక్కిపోతాయి. చెన్నైలో ఈ వానల నెలల్లో మూత వదులుగా ఉన్న డబ్బాలో పురుగు పడటానికి ఎన్నాళ్లో పట్టదు. స్టీలు డబ్బాను ఎండబెట్టి, నాలుగు ఎండుమిరపకాయలో, బాగా ఎండిన వేపాకో వేసి బిగించండి. నెలనెలా అడుగు దాకా ఖాళీ చేశాకే మళ్లీ మొదలుపెట్టాలి, లేకపోతే అడుగున మిగిలిన పాత బియ్యంలోని పురుగు కొత్తవాటికీ పాకుతుంది.

పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం ఒకే డబ్బాలో కలపకండి. రెండూ ఒకేసారి ఉడకవు: ఒకటి మెత్తబడి ముద్దయ్యేసరికి రెండోది ఇంకా పలుకుగానే ఉంటుంది. ఇక ఏ రకం వేయాలంటే, మీరు తినేదే. ఇంట్లో పొన్ని వండుతుంటే పొన్ని, రేషన్ బియ్యం వండుతుంటే రేషన్ బియ్యం. ఎవరూ తినక మూలన పడి ఉన్న సంచిని మాత్రం ఇటు పంపకండి.

రెండోది చెత్త. ఇందులో ప్రేమేముందని నవ్వేవాళ్లుంటారు, మాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. ఈ నగరంలో చెత్త ఎత్తేవాళ్లలో తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది. మన సంచుల్ని వాళ్లు చేత్తోనే విప్పి వేరు చేస్తారు. క్యారీబ్యాగులో వదిలేసిన గాజుపెంకు గ్లౌజును చీల్చి అరచేతిలో దిగుతుంది. ఆ పూట టీటీ ఇంజెక్షనుకు పరుగెత్తాలి, రెండు మూడు రోజుల కూలీ పోతుంది. కాబట్టి పగిలిన గ్లాసును మూడు నాలుగు పొరల న్యూస్‌పేపర్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన తమిళంలో ‘కణ్ణాడి’ అని పెద్దక్షరాల్లో పిల్లల చేతే రాయించండి. పాత బ్లేళ్లకు మూత ఉన్న రేకు డబ్బా చాలు. ఇంట్లో షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవాళ్లుంటే సూదుల్ని మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి, పల్చటి వాటర్ బాటిల్లోంచి సూది బయటికి పొడుచుకొస్తుంది. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు వాటితో వచ్చే కవరులోనో, తగిన కాగితంలోనో చుట్టే పడేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. చాలా ఇళ్లలో ఇది జరగడం లేదు. తడి చెత్తలోంచి నీళ్లు వంపేయడం పిల్లలు చేయగలిగిన పనే.

ఆసుపత్రి పరామర్శ గురించి రెండు మాటలు. పది నిమిషాలు చాలు. మంచం మీదున్న మనిషి కంటే పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషే ఒక్కోసారి ఎక్కువ అలిసిపోయి ఉంటారు. వెళ్లేముందు ఫోన్ చేసి, “అక్కా, భోజనం తేనా, కాసేపు నేను కూర్చోనా?” అని అడగండి. అడక్కుండా పళ్లు పట్టుకెళ్లకండి. డయాలసిస్ మీదున్నవాళ్లకు అరటిపండు, బత్తాయి రసం, కొబ్బరినీళ్లు ప్రమాదం కావచ్చు. వాటిలోని పొటాషియంను దెబ్బతిన్న కిడ్నీలు బయటికి పంపలేవు, అది గుండె లయను చెడగొడుతుంది. ప్రార్థన చేయాలనుకుంటే ముందు ఒప్పుకుంటారేమో కనుక్కోండి. పక్క మంచంవాళ్లకు వినపడేంత గొంతు అక్కర్లేదు.

వీటిలో ఏదీ ఫోటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట ఫోన్ చేతికీ వర్తిస్తుంది. బియ్యం సంచిలో కరపత్రాలు కూడా వద్దు. మన బడిలో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. అన్నానికి షరతు పెట్టినట్టు ఎవరికీ అనిపించకూడదు.

ప్రతి నెలా మొదటి సోమవారం ఉదయం ప్రార్థనకు ముందు బియ్యం తీసుకుంటాం. పచ్చి బియ్యం నీలం డ్రమ్ములో, ఉప్పుడు బియ్యం ఎర్ర డ్రమ్ములో పోయాలి. డబ్బా మీద తరగతి మాత్రమే రాయండి, పేరు వద్దు. ఎవరు ఎంత తెచ్చారో లెక్క కట్టం. మీ ఇంట్లోనే ఈ నెల ఇబ్బందిగా ఉంటే సాయంత్రం బడి వదిలాక వంటగదిలో ఆయమ్మను అడిగి సంచి తీసుకెళ్లండి. అక్కడ రిజిస్టరు లేదు, సంతకం అడగరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు