మన కిడ్నీ రోగుల సంఘం 2024-25 వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులకు, పొద్దున డయాలసిస్ చేయించుకుని కూడా మీటింగుకు వచ్చినవాళ్లకు నమస్కారం.

నెలవారీ సమావేశాలు, ఆరోగ్యశ్రీ కాగితాల సాయం ఎప్పటిలాగే నడిచాయి. ఈ ఏడు గర్వంగా చెప్పుకోవాల్సింది మార్చి 16న హనుమకొండలో పెట్టిన కంటి ప్రెషర్ శిబిరం. ప్రపంచ కిడ్నీ దినం, గ్లకోమా వారం రెండూ అంతకుముందు వారమే వచ్చాయి. ఆదివారమైతే మనవాళ్లకు డయాలసిస్ ఉండదని ఆగాం.

కిడ్నీ వాళ్లకు కంటి పరీక్ష ఎందుకని చాలామంది అడిగారు. షుగర్, బీపీ కిడ్నీతో పాటు కంటినీ పాడుచేస్తాయి. కిడ్నీ జబ్బున్నవాళ్లలో గ్లకోమా, అంటే నీటికాసులు (ఎక్కువగా కంట్లో ప్రెషర్ పెరిగి కంటి నరం దెబ్బతినే జబ్బు), ఎక్కువని కొరియా పరిశోధనల్లో తేలింది. అన్ని దేశాల్లో అలాగే రాలేదు గానీ మనం పట్టనట్టు ఉండలేం. డయాలసిస్‌లో రక్తంలోని యూరియా అనే వ్యర్థం తగ్గినంత త్వరగా కంట్లోది తగ్గదు. ఆ తేడాకు నీరు కంట్లోకి లాగి కొందరికి ప్రెషర్ పెరుగుతుంది. బీపీ బాగా పడిపోతే కంటి నరానికి రక్తం చాలదు. కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు స్టెరాయిడ్ల వల్ల కూడా ప్రెషర్ పెరగొచ్చు. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు.

శిబిరానికి పరకాల నుంచి వచ్చిన అవ్వ డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా చేతిని ఒళ్లో పెట్టుకుని, ప్రెషర్ కొలిచే మిషన్ కంట్లోకి గాలి కొట్టగానే ఉలిక్కిపడింది. ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి, ఆమెకు ఒక కంట్లో 32. "డయాలసిస్ అయినంక బస్టాండు లైట్ల చుట్టూ రంగుల చుట్టలు కనపడుతయి బిడ్డా, నీరసం అనుకున్న" అంది. అదే రోజు చుక్కల మందు మొదలుపెట్టారు.

ఇంకో సభ్యుడికి బయట ఎక్కడో కిడ్నీ సంగతి అడగకుండానే కంటి ప్రెషర్‌కు ఎసిటజోలమైడ్ మాత్రలు రాశారు. ఆ మందు కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి. మనలాంటి వాళ్లలో పేరుకుపోయి మతి తప్పేలా చేయగలదు. దయచేసి డయాలసిస్ ఫైలు లేకుండా ఏ కంటి డాక్టరు దగ్గరికీ వెళ్లకండి.

ఉచితంగా వచ్చిన కంటి డాక్టరు గారికి, హాలు ఇచ్చిన హెడ్‌మాస్టరు గారికి, ఉప్పు తగ్గించి ఉప్మా చేసి, నీళ్లు చిన్న గ్లాసుల్లో కొలిచి ఇచ్చిన మహిళా సంఘం అక్కలకు, టెంటు డబ్బులు సగమే తీసుకున్న తమ్ముడికి పేరుపేరునా కృతజ్ఞతలు.

బాధ కూడా చెప్పాలి. వస్తామని పన్నెండు మంది పేర్లిస్తే వచ్చింది ముగ్గురు. వ్యాన్ కోసం ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను, ప్రతిసారీ "సార్ మీటింగులో ఉన్నారు" అన్నారు. చివరికి ఆటోలు మాట్లాడుకున్నాం.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది, అప్పు లేదు, అందరూ చూడవచ్చు.

పరకాల అవ్వకు వచ్చే వారం మళ్లీ ప్రెషర్ చూపించాలి. ఇంట్లో తోడు వచ్చేవాళ్లు లేరు. బండి ఉన్నవాళ్లు ఒకరు ఈరోజే పేరివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి