జోన్ చెప్పారు సరే, కింద మట్టి ఏంటో చెప్పండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన వారం మీ జిల్లా పేజీలో భూకంపాల మీద వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఎవరైనా జవాబు రాస్తారేమోనని ఇన్ని రోజులు చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. "విజయవాడ జోన్ 3లో ఉంది, ప్రజలు ఆందోళన చెందాల్సిన పని లేదు" అని ఆ అధికారి చెప్పారు, మీ విలేకరి రాసుకున్నారు, మీరు అచ్చు వేశారు. జోన్ అంటే భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని విడగొట్టిన మ్యాప్‌లో ఒక భాగం, అంకె పెరిగే కొద్దీ ప్రమాదం ఎక్కువ. ఊరి కింద ఉన్న మట్టి గురించి ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. మీ వాళ్లు అడగనూ లేదు.

జోన్ పేరు చెప్పుకుని ధీమాగా ఉంటే ఏమవుతుందో మహారాష్ట్రలోని లాతూరు వాళ్లను అడగాలి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున భూకంపానికి ఆ జిల్లాలోని కిల్లారి నేలమట్టమైన నాటికి ఆ ప్రాంతం దేశంలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న జోన్ 1లో ఉంది. దాదాపు పది వేల మంది చనిపోయారు. 2002లో మ్యాప్ సవరించినప్పుడు జోన్ 1 అన్నదే తీసేశారు. ఇక మన దగ్గరంటారా, 1967లో ఒంగోలు దగ్గర 5.4, 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. 2024 డిసెంబరు 4న పొద్దున్నే ములుగులో 5.3 తీవ్రతతో భూమి కదిలితే ఇక్కడ విజయవాడలో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. ఆ రోజు టెన్షన్ పడిన వాళ్లందరికీ ఇప్పుడు ఈ అధికారి జోన్ నంబరు చెప్పి సర్దుకోమంటున్నారు.

జోన్ మ్యాప్ ఒక ప్రాంతం మొత్తానికి వేసిన మోటు అంచనా. ఒకే ఊళ్లో బండ మీద కట్టిన ఇల్లూ, లోతైన ఒండ్రు మీద కట్టిన ఇల్లూ ఒకేలా ఊగవు. మెత్తటి మట్టి కుదుపును పెంచి పైకి పంపిస్తుంది. 1985లో మెక్సికో సిటీకి 350 కిలోమీటర్ల అవతల సముద్ర తీరంలో భూకంపం వస్తే, నగరంలో పాత చెరువు అడుగు మట్టి మీద కట్టిన భవనాలు కూలి వేల మంది పోయారు. గట్టి నేల ఉన్న పేటలు అదే నగరంలో అంతగా దెబ్బ తినలేదు. అంత దూరం ఎందుకు, 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ దగ్గర భూకంపం వస్తే రెండు వందల కిలోమీటర్లు దాటి ఉన్న అహ్మదాబాద్‌లో పదుల సంఖ్యలో అపార్ట్‌మెంట్లు పడిపోయాయి. కింద పార్కింగ్ కోసం వదిలేసిన ఖాళీ అంతస్తులు ఒక కారణం. సబర్మతి మేట వేసిన మట్టి ఇంకో కారణం. ఈ రెండూ విజయవాడలో లేవా? కృష్ణలంక నుంచి యనమలకుదురు దాకా నది ఒడ్డున ఉన్నదేమిటి? కృష్ణ తెచ్చి పోసిన ఇసుకా, ఒండ్రూ. సింగ్‌నగర్ వైపు పల్లం భూముల్లో మట్టి తోలి మెరక చేసి ఇళ్లు కట్టారు. ప్రతి వీధిలో అపార్ట్‌మెంట్ కింద పార్కింగే ఉంది.

నీటితో నిండిన వదులు ఇసుక ఇంకా ప్రమాదం. కుదుపుకు ఇసుక రేణువులు దగ్గరికి జరగబోతాయి, మధ్యలో ఉన్న నీటికి బయటికి పోయే టైమ్ ఉండదు, ఆ నీటి ఒత్తిడి పెరిగి రేణువులకు ఒకదాని మీద ఒకటి ఆనుకునే పట్టు పోతుంది. అప్పటిదాకా భవనాన్ని మోసిన నేల కాసేపు చిక్కటి ద్రవంలా అయిపోతుంది. లిక్విఫాక్షన్ అంటారు. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్ట్‌మెంట్ భవనాలు ఎక్కడా విరగకుండానే పక్కకు ఒరిగి పడుకున్నాయి. కాంక్రీటు బాగానే ఉంది, కింద ఇసుక మోయలేదు.

ఇది మన ప్రభుత్వాలకు తెలియని విషయమా? పోలవరంలో ప్రధాన డ్యామ్ వచ్చే చోట నది ఇసుక వదులుగా ఉందనే కదా వైబ్రో కాంపాక్షన్ చేసి, అంటే యంత్రంతో ఇసుకను అదిరించి గట్టిపరిచారు! డ్యామ్‌కు ఉన్న తెలివిడి మనుషులు పడుకునే ఇళ్లకు ఎందుకు లేదు? భూకంపాలను తట్టుకునే కట్టడాల కోసం ఉన్న 2016 నాటి ఐఎస్ 1893 కోడ్ కూడా జోన్ 3లో నేల గట్టిదనం చెప్పే ఎన్ విలువ ఐదు మీటర్ల లోతు వరకు కనీసం 15, పది మీటర్లు దాటాక 25 ఉండాలని, లేకపోతే నేలను మెరుగుపరచాలని చెప్పింది. ఆ ఎన్ విలువ తెలుసుకోవడానికి బ్రహ్మవిద్య అక్కర్లేదు. మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెడతారు. గట్టి నేలలో యాభై దెబ్బలకు కూడా దిగదు. తడి ఇసుకలో నాలుగైదు దెబ్బలకే దిగిపోతుంది, గొట్టం పైకి తీసి రెండు బద్దలుగా విప్పితే ఇసుక నీళ్లతో జారిపోతుంటుంది. చూసినవాడెవడూ దాని మీద మామూలు ఫుటింగ్ (పునాది దిమ్మ) వేసి ఐదంతస్తులు లేపడు.

కానీ చూస్తేగా! మా వీధిలో ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నారు. అందులో ఫ్లాటు తీసుకుంటున్న మా బంధువు కోసం అడిగి సాయిల్ టెస్ట్ రిపోర్టు తెప్పించుకుని చదివాను. మట్టి పరీక్షకు మూడు బోర్లు వేశామని రాశారు. మూడింటికీ ప్రతి లోతులోనూ ఒకే ఎన్ విలువలు, ఒక్క అంకె తేడా లేదు. నీటి మట్టం గడిలో "తగలలేదు" అని ఉంది. అదే స్థలంలో ఫుటింగ్ గుంటలు తవ్వినప్పుడు రాత్రింబవళ్లు మోటార్లు పెట్టి నీళ్లు తోడించారు, ఆ చప్పుడుకు వీధిలో ఎవరికీ నిద్ర లేదు. రిపోర్టు చివరి పేజీలో స్థలం పేరు వేరే ఊరిది. ఈ కాగితం మీద ఇంజనీరు సంతకం ఉంది, దీన్ని చూసి ప్లాను అప్రూవల్ కూడా ఇచ్చారు. భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్) ఒక అడుగు తగ్గితే టేపు పట్టుకుని వచ్చే సిబ్బందికి నేలలోకి ఒక్క బోరైనా వేశారా అని చూసే తీరిక లేకపోయింది. కొనేవాళ్లు కూడా లిఫ్టు ఏ కంపెనీ, టైల్స్ ఏ కంపెనీ అని అడుగుతున్నారు గానీ కింద ఏముందని అడగడం లేదు.

ఈ నిర్లక్ష్యానికి భూకంపమే రానక్కర్లేదు. 2024 నవంబరులో హైదరాబాద్ సిద్ధిక్ నగర్‌లో పక్క స్థలంలో పునాది గుంత తవ్వితే ఐదంతస్తుల భవనం ఒరిగిపోయింది. చివరికి దాన్ని కూల్చేయాల్సి వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టు 31న మన మొగల్రాజపురంలో వానకు కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. కొండ వాలును నిట్టనిలువుగా చెక్కి ఇళ్లు కట్టుకుంటుంటే, పన్నులు వేసిన వాళ్లకు ఆ వాలు నిలబడుతుందా అన్న అనుమానమే రాలేదు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ పియర్లు (స్తంభాలు) కుంగినప్పుడూ పునాది కింద ఇసుక కొట్టుకుపోవడం గురించే నిపుణులు మాట్లాడారు. ప్రతిసారీ కమిటీ వేస్తారు, నాయకులు ఒకరినొకరు తిట్టుకుంటారు. మట్టి మాట మళ్లీ ఎవరూ ఎత్తరు.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అప్పట్లో పిల్లలు సాయిల్స్ ల్యాబ్‌లో మట్టిని చేత్తో పిసికి, తాడులా పేని, అది ఏ రకమో చెప్పేవాళ్లు. ఇప్పుడు చాలా కాలేజీల్లో రికార్డు పుస్తకంలో సీనియర్ల అంకెలు ఎక్కించి మార్కులు వేయించుకుంటున్నారు. అక్కడ అలవాటైన చెయ్యే బయటికొచ్చి ఇలాంటి రిపోర్టులు రాస్తోంది. బాధ్యత పిల్లలది కాదు. ల్యాబ్‌లో పాడైన మిషన్లు బాగు చేయించని వాళ్లది, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చి టీ తాగి వెళ్లిపోయిన వాళ్లది.

హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది. ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. ఢిల్లీ, జబల్‌పూర్, గువాహటి, బెంగళూరుల్లో ఏ పేట కింద ఏ మట్టి, అది ఎంత ఊగుతుంది అని మైక్రోజోనేషన్ చేశారు. విజయవాడలో ఆ పని ఎక్కడి దాకా వచ్చిందో మామూలు మనిషికి చెప్పేవాళ్లు లేరు. న్యూజిలాండ్‌లో 2010, 2011 భూకంపాలకు క్రైస్ట్‌చర్చ్‌లో నేల ద్రవమై, దాదాపు 8 వేల ఇళ్ల స్థలాలను ప్రభుత్వం నివాసానికి పనికిరావని తేల్చింది. ఆ తర్వాత వాళ్లు బోర్ల వివరాలన్నీ ఒకే చోట చేర్చి, ఇంజనీర్లు పంచుకునేలా డేటాబేస్ పెట్టారు. మన దగ్గర ఫ్లైఓవర్లకు, ప్రభుత్వ భవనాలకు, అపార్ట్‌మెంట్లకు వేసిన బోర్లు ఎన్ని ఉంటాయి! అవన్నీ ఫైళ్లలో మూలుగుతున్నాయి. వాటిని కార్పొరేషన్ ఆన్‌లైన్‌లో పెడితే దొంగ రిపోర్టు రాసేవాడు పక్క స్థలం అంకెలతోనే దొరికిపోతాడు. దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు, స్కానింగ్ మిషను ముందు కూర్చునే ఇద్దరు మనుషులు చాలు.

మీ విలేకరి ఆ అధికారిని మళ్లీ కలిసినప్పుడు దయచేసి రెండే ప్రశ్నలు అడగమనండి. ఈ ఏడాది ప్లాను ఇచ్చిన అపార్ట్‌మెంట్లలో ఎన్నింటి బోర్లను కార్పొరేషన్ ఇంజనీరు దగ్గర నిలబడి చూశారు? ఆ రిపోర్టులు జనానికి ఎప్పుడు చూపిస్తారు? జవాబు ఏదైనా సరే, జోన్ వార్త వేసిన పేజీలోనే వేయండి.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ సివిల్ లెక్చరర్,
విజయవాడ