సైనికుడి రెండో వృత్తికి సన్నాహం సర్వీసులో ఉండగానే మొదలుకావాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

మాజీ సైనికుల గురించి మన పత్రికల్లో సన్మానాల వార్తలు వస్తాయి, ఇళ్ల స్థలాల కోసమో పెన్షన్ బకాయిల కోసమో ఇచ్చే వినతిపత్రాల వార్తలు వస్తాయి. అవి రావలసినవే. అయితే సైన్యం నుంచి వచ్చినవాడు ఆ తరువాతి ఇరవై, పాతికేళ్లు ఏ వృత్తిలో స్థిరపడాలి, వ్యాపారంలోకి దిగదలచుకుంటే అందుకు ఎప్పటి నుంచి సిద్ధపడాలి అన్న చర్చ మాత్రం దాదాపు కనిపించదు. త్రివిధ దళాల నుంచి ఏటా సుమారు 60 వేల మంది విడుదలై వస్తున్నారు. దళాల్లో ఎప్పుడూ యువకులే ఎక్కువగా ఉండాలన్న ఉద్దేశంతో పెట్టుకున్న ఏర్పాటు కనుక, సిపాయిలు సాధారణంగా నలభై నిండకముందే, నాయక్‌లు, హవల్దార్లు, జేసీవోలలో (నాయబ్ సుబేదారు నుంచి సుబేదారు మేజర్ వరకు ఉండే జూనియర్ అధికారులలో) చాలామంది నలభైల్లోనే ఇంటికి చేరుకుంటారు. అరవై ఏళ్లకు పదవీ విరమణ చేసే పౌర ఉద్యోగితో వీరిని పోల్చడానికి వీల్లేదు. సగం జీవితం ముందున్న మనిషి వృత్తి మారుతున్నాడు. మనం మాత్రం మెడలో దండ వేసి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోమని చెప్పి పంపేస్తున్నాం.

నేను సైన్యంలో యంత్రాలు, వాహనాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో సుబేదారుగా పనిచేసి వచ్చి, భీమవరం పరిసరాల్లో జనరేటర్లు, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల మోటార్ల మరమ్మతు వర్క్‌షాప్ నడుపుతున్నాను. మా జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరది. తరతరాలుగా సైన్యంలో చేరడం ఎలాగో తెలిసిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. సైన్యం నుంచి వచ్చాక ఏం చేయాలన్నది మాత్రం ప్రతి తరమూ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తోంది.

ముందుగా డబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే తొందరపాటు అక్కడే మొదలవుతుంది. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్, గ్రూప్ ఇన్సూరెన్స్ సొమ్ము, మిగిలిన సెలవులకు వచ్చే నగదు, పెన్షన్‌లో కొంత భాగాన్ని వదులుకుని ముందే తీసుకునే కమ్యూటేషన్ మొత్తం, ఇవన్నీ ఇంచుమించు ఒకేసారి ఖాతాలో పడతాయి. ఆ వార్త ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది స్థలాల దళారికి, చీటీలు నడిపేవారికి, వ్యాపారంలో వాటా ఇస్తానని వచ్చే దూరపు బంధువుకు. జీవితంలో అంత పెద్ద మొత్తం ఎన్నడూ చూడని మనిషి దాన్ని పెట్టుబడిగా భావించి, ఆరు నెలల్లో ఏదో ఒకటి మొదలుపెట్టాలని ఆరాటపడతాడు.

కమ్యూటేషన్ గురించి ప్రత్యేకంగా రాయవలసి ఉంది. సైనికులు తమ పెన్షన్‌లో 50 శాతం వరకు కమ్యూట్ చేసుకుని ఏకమొత్తంగా తీసుకోవచ్చు. అలా వదులుకున్న భాగం 15 ఏళ్ల తరువాత గానీ తిరిగి కలవదు. అంటే 38 ఏళ్ల వయసులో పూర్తిగా కమ్యూట్ చేసినవాడికి 53వ ఏటి వరకు మూల పెన్షన్‌లో సగమే చేతికి వస్తుంది. పిల్లల చదువులూ, పెళ్లిళ్లూ, వ్యాపారం నిలదొక్కుకోవడానికి పట్టే కాలమూ సరిగ్గా ఆ 15 ఏళ్లలోనే పడతాయి. మామూలు ఉద్యోగంలో చేరేవాడికి ఈ కోత అంత బాధించకపోవచ్చు. వ్యాపారం చేయదలచుకున్నవాడికి నెలనెలా వచ్చే పూర్తి పెన్షనే అసలైన బలం, ఎందుకంటే ఇల్లు దానితో గడిచిపోతే దుకాణంలో వచ్చిన ప్రతి రూపాయినీ దుకాణంలోనే ఉంచగలుగుతాడు. ఇంత ముఖ్యమైన నిర్ణయాన్ని డిశ్చార్జి కాగితాల మధ్య ఒక ఫారంగా చూసి, పక్కవాడు ఎంత రాశాడో తానూ అంతే రాసి సంతకం చేసేవారిని నేను చాలామందిని చూశాను.

సైన్యంలో నేర్చుకున్నది వ్యాపారానికి ఎంతవరకు పనికొస్తుందన్నది తరువాతి ప్రశ్న. నాకు తెలిసిన పని గురించే చెబుతాను. వనామీ రొయ్యల చెరువులో తెల్లవారుజామున నీటిలోని ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే, ఏరియేటర్లు ఆగిపోయి, కొద్ది గంటల్లోనే నెలల తరబడి పెంచిన పంట తేలిపోవచ్చు. అందువల్ల రైతుకు కావలసింది చెడిపోయాక బాగుచేసే మెకానిక్ కంటే, చెడిపోకుండా చూసే మనిషి. ప్రతి ఇంజన్‌కూ ఒక లాగ్ బుక్ ఉండాలని, నడిచిన గంటలను బట్టి ఆయిలూ ఫిల్టర్లూ మార్చాలని, బ్యాటరీ టెర్మినళ్లు వారం వారం చూడాలని సైన్యం మా చేత ఏళ్ల తరబడి చేయించింది. చెరువు గట్టున ఉన్న జనరేటర్‌కు ఒక నోటు పుస్తకం వేలాడదీసి, తేదీలు రాసి, నెలవారీ ఒప్పందం మీద చూసుకుంటామని చెబితే, మొదట్లో అనుమానంగా చూసిన రైతులే తరువాత పక్క చెరువువారికి చెప్పారు. ఇక్కడ అమ్ముడుపోయింది మా క్రమశిక్షణే.

అయితే సైన్యం నేర్పనిది కూడా అదే చెరువు గట్టు మీద ఎదురవుతుంది. యూనిట్‌లో విడిభాగం కావాలంటే ఇండెంట్ రాస్తే చాలు, స్టోరు నుంచి వస్తుంది. దాని ధర ఎంతో మనకు పట్టదు. జీతం నెలాఖరుకు తప్పక పడుతుంది. ఇక్కడ బేరింగులూ, వైండింగు తీగా, ఇంజెక్టరూ మనం ముందుగా నగదు పెట్టి కొనాలి, రైతు మాత్రం పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, అయ్యాక ఇస్తానంటాడు. పట్టుబడి నాటికి ధర పడిపోతే, రోగం వచ్చి పంట ముందే తీసేయవలసి వస్తే, మన బాకీ తరువాతి పంటకు జరుగుతుంది. ఇందులో రైతు మోసమేమీ లేదు, అతని చేతికీ డబ్బు అలాగే వస్తుంది. ఎవరికి ఎంతవరకు అరువు ఇవ్వాలి, అడగడంలో మర్యాద తప్పకుండా ఎలా వసూలు చేసుకోవాలి, ఒకే ఊరి రైతుల మీద ఆధారపడకుండా పనిని ఎలా విస్తరించుకోవాలి అన్న తెలివి ఏ తరగతి గదిలోనూ దొరకదు. అది ఒక యజమాని దగ్గర ఏడాదో రెండేళ్లో జీతానికి పనిచేస్తేనే వస్తుంది. సుబేదారుగా చేసి వచ్చినవాడు ఒక షాపులో పనివాడుగా చేరడమేమిటని బంధువులు అంటారు. ఆ మాటకు వెరవకూడదని నా గట్టి అభిప్రాయం.

దీర్ఘకాలం అంటే ఎంతకాలమో తెలియాలంటే పేరు పొందినవారి చరిత్రను తేదీలతో సహా చూడాలి. ఎయిర్ డెక్కన్ స్థాపకుడిగా కెప్టెన్ గోపీనాథ్ అందరికీ తెలుసు. ఆయన 1971 యుద్ధంలో పాల్గొని, 1970లలోనే సైన్యం నుంచి బయటకు వచ్చారు. కర్ణాటకలోని హాసన్ జిల్లాలో భూమి సాగుచేశారు, పట్టుపురుగులు పెంచారు, మోటార్ సైకిళ్ల డీలర్‌షిప్, హోటల్, సేద్య పరికరాల వ్యాపారం చేశారు. ఆయన హెలికాప్టర్ సంస్థ 1997లో, ఎయిర్ డెక్కన్ 2003లో వచ్చాయి. ఆ విమాన సంస్థ తరువాత చేతులు మారిందన్నది వేరే విషయం, కానీ అక్కడికి చేరడానికే ఆయనకు పాతికేళ్లు పట్టింది. లీలా హోటళ్లను స్థాపించిన కెప్టెన్ కృష్ణన్ నాయర్ 1950ల ఆరంభంలో సైన్యాన్ని వదిలి, మామగారి చేనేత వ్యాపారంలో చేరి, వస్త్రాల ఎగుమతిలో మూడు దశాబ్దాలు గడిపి, అరవై దాటాక గానీ ముంబయిలో తొలి హోటల్ తెరవలేదు. వీరి పేర్లు చెప్పి మన కుర్రవాళ్లను ఉత్సాహపరిచేవారు ఆ మధ్య సంవత్సరాలను వదిలేస్తున్నారు. నేర్చుకోవలసింది అక్కడే ఉంది.

ప్రభుత్వపు ఏర్పాట్లు లేవని నేను అనడం లేదు. రక్షణ శాఖ కింద పునరావాస డైరెక్టరేట్ (డీజీఆర్) విడుదలకు ముందే శిక్షణ కోర్సులు ఇప్పిస్తుంది. జవాన్లకూ జేసీవోలకూ ఫీజు ఉండదు, గరిష్ఠంగా 24 వారాల కోర్సులు ఉంటాయి. సెక్యూరిటీ ఏజెన్సీలు, చమురు కంపెనీల సొంత పెట్రోలు బంకుల నిర్వహణ వంటి అవకాశాలూ ఆ డైరెక్టరేట్ ద్వారానే వస్తాయి. కానీ కోర్సు ఎంపికలో ఇంటికి ఏది దగ్గర అన్నదే చాలామందికి మొదటి ప్రశ్న అవుతోంది, ఆ కోర్సు తరువాత ఏ వృత్తి అన్నది రెండోదిగానైనా రావడం లేదు. కంపెనీ బంకును నిర్వహించడం నిర్ణీత కాలపు కాంట్రాక్టు. గడువు తీరాక బంకు కంపెనీదే. ఆ కాలంలో లెక్కలు, సిబ్బంది, నిల్వల నిర్వహణ నేర్చుకున్నవాడికి అది మంచి మెట్టు, నేర్చుకోనివాడికి కొన్నేళ్ల జీతం మాత్రమే. పదాతి దళం నుంచి వచ్చిన సోదరులను నేరుగా గేటు దగ్గర కాపలాకు పంపడం నన్ను మరీ బాధిస్తుంది. జవాన్ల జట్టును నడిపించిన హవల్దారుకు మనుషులను సమకూర్చడం, సరుకు రవాణా, గోదాముల నిర్వహణ వంటి పనులు ఏ మాత్రం కొత్తవి కావు.

పెట్టుబడికి, సొంత యూనిట్ పెట్టుకునేవారికి బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పీఎంఈజీపీ పథకంలో మాజీ సైనికులు ప్రత్యేక వర్గంలోకి వస్తారు. సొంత వాటా 5 శాతం ఉంటే చాలు, సబ్సిడీ గ్రామాల్లో 35 శాతం, పట్టణాల్లో 25 శాతం. అయితే సబ్సిడీ సొమ్ము మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తున్నదని తేలాకే అప్పులో జమ అవుతుంది. మూడేళ్లు నిలబడగలిగే పని ఎంచుకున్నవాడికే ఈ పథకం మేలు చేస్తుందని దరఖాస్తు పెట్టేముందే తెలుసుకోవాలి.

ఇంట్లో ఇల్లాలి మాటకు ఈ నిర్ణయాల్లో చోటు ఉండడం లేదన్నది నా ఫిర్యాదు. భర్త సరిహద్దులో ఉన్నంతకాలం పిల్లలను చదివించింది, పొలం కౌలుకు ఇచ్చింది, బ్యాంకుకూ మండలాఫీసుకూ తిరిగింది ఆమే. ఊళ్లో మాట మీద నిలబడేవారెవరో, అప్పు ఎగ్గొట్టేవారెవరో ఆమెకు తెలిసినంతగా ఏడాదికి రెండు నెలల సెలవు మీద వచ్చిపోయిన మనిషికి తెలియదు. విడుదలకు ముందు జరిగే కోర్సుల్లో కొన్ని రోజులైనా దంపతులిద్దరికీ కలిపి పెడితే, ఎన్నో చెడ్డ భాగస్వామ్యాలు మొదట్లోనే ఆగిపోతాయి.

అగ్నివీరుల సంగతి ఇంతకంటే తొందరపెడుతోంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో తొలి విడత చేరినవారి నాలుగేళ్ల గడువు 2026 చివరి నుంచి ముగుస్తుంది. గరిష్ఠంగా 25 శాతం మందిని రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవారికి పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల రూపాయలు సేవానిధి పేరుతో ఏకమొత్తంగా వస్తాయి. 15 ఏళ్ల సర్వీసు చేసిన జవానుకు వ్యాపారం దెబ్బతిన్నా పెన్షన్ మిగులుతుంది. ఇరవై మూడేళ్ల అగ్నివీరుడికి ఆ ఆసరా లేదు కనుక సేవానిధినంతా తీసుకెళ్లి ఒక దుకాణంలో పెట్టమని ఎవరూ సలహా ఇవ్వకూడదు. సర్వీసులోని నైపుణ్య శిక్షణకు సగం క్రెడిట్లు ఇచ్చే ఇగ్నో దూరవిద్య డిగ్రీని పూర్తిచేయడం, ఒక చేతిపనిలో అనుభవం సంపాదించడం, నిధిలో కొద్ది భాగంతోనే చిన్నగా మొదలుపెట్టడం వారికి క్షేమం.

రెండు తెలుగు రాష్ట్రాల సైనిక సంక్షేమ శాఖలకు నా విన్నపం ఇది. విడుదలకు ఐదేళ్ల ముందు నుంచే, సెలవు మీద వచ్చిన జవాను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళితే, అదే జిల్లాలో వ్యాపారం చేస్తున్న ఒక మాజీ సైనికుడితోనూ, ఒక బ్యాంకు అధికారితోనూ మాట్లాడే వీలు కల్పించాలి. స్థానిక వర్తక సంఘాలు సెలవు రోజుల్లో వారిని తమ షాపుల్లో కూర్చోబెట్టి కొనుగోళ్లూ వసూళ్లూ చూపించడానికి ముందుకు రావాలి. మీ పత్రిక కూడా జిల్లా పేజీల్లో వారానికి ఒకసారైనా, సైన్యం నుంచి వచ్చి వ్యాపారంలో నిలదొక్కుకున్నవారి అనుభవాలను, మూతపడినవాటి కారణాలతో సహా, ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. అందుకు మా ప్రాంతం నుంచి వివరాలు సమకూర్చి పంపడానికి నేనూ, నాతో పనిచేసే మాజీ సైనికులూ సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక మాజీ సుబేదారు, ఈఎంఈ
పశ్చిమ గోదావరి జిల్లా