పట్టుబడిన తుపాకీ ఎక్కడిదో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

సరిహద్దుల్లో అక్రమ ఆయుధాలు పట్టుబడినప్పుడల్లా పత్రికల్లో ఒకే తరహా ఫొటో వస్తుంది: బల్ల మీద వరసగా పేర్చిన తుపాకులు, వాటి వెనక నిలబడిన అధికారులు. ఎన్ని దొరికాయో, ఎందరు చిక్కారో రాస్తారు గానీ, ఆ తుపాకీ ఏ దేశంలో తయారై, ఎవరికి అమ్ముడై, ఎవరి గిడ్డంగి నుంచి మాయమైందో ఆ తర్వాతైనా రాయరు. ప్రాంతీయ భద్రతపై మన చర్చ అంతా కంచెలు, గస్తీల దగ్గరే ఆగిపోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

నాటు తుపాకుల సంగతి పక్కన పెడితే, దొంగదారిన తిరిగే ఆయుధాల్లో చాలా భాగం ఒకప్పుడు చట్టబద్ధంగా తయారైనవే. 1997లో అల్బేనియాలో పిరమిడ్ పొదుపు పథకాలు కుప్పకూలి జనం తిరగబడినప్పుడు సైనిక డిపోల నుంచి 5 లక్షలకు పైగా ఆయుధాలు లూటీ అయ్యాయి. వాటిలో కొన్ని పక్కనే ఉన్న కొసావోలోని సాయుధ దళాలకు చేరాయి. 2011లో గడాఫీ పతనంతో లిబియా ఆయుధాగారాలకూ అదే గతి పట్టింది. అక్కడి తుపాకులు ఎడారి దాటి వెళ్లి, మరుసటి ఏడాది ఉత్తర మాలీలో చెలరేగిన తిరుగుబాటుకు బలమిచ్చాయి. అంత పెద్ద ఎడారికి కాపలా పెట్టడం ఏ ప్రభుత్వానికైనా సాధ్యమా?

డిపో తాళం భద్రంగా ఉన్నా కాగితం మోసం చేయవచ్చు. ఆయుధాలు కొనే దేశం 'ఇవి మా వాడకానికే' అని రాసిచ్చే తుది వినియోగ ధ్రువపత్రాన్ని అమ్మే దేశం నమ్ముతుంది, సరుకు నిజంగా అక్కడికే చేరిందా అని మళ్లీ చూసేవారు అరుదు. 1995 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా మీద ఒక విమానం రాత్రివేళ జారవిడిచిన ఏకే-47లు బల్గేరియా నుంచి బయల్దేరింది బంగ్లాదేశ్ పేరిట ఉన్న అలాంటి పత్రం మీదే.

తుపాకీ మీద చెక్కిన సీరియల్ నంబరు ద్వారా దాని పుట్టుక ఆరా తీసేందుకు సభ్య దేశాలు పరస్పరం సహకరించుకోవాలని ఐక్యరాజ్య సమితి 2005లోనే ఒక ఒడంబడిక చేసింది. అయితే దానికి చట్టపరమైన కట్టుబాటు లేదు, పైగా తూటాలు దాని పరిధిలోకే రావు. ఇది చిన్న లోపం కాదు. తుపాకీ పదుల ఏళ్లు పనిచేస్తుంది గానీ తూటాలు ఎప్పటికప్పుడు కావాలి. నంబరును ఆకురాయితో అరగదీసినా, ఖాళీ తూటా అడుగున సాధారణంగా కర్మాగారం గుర్తు, తయారైన ఏడాది అచ్చుపడి ఉంటాయి. ఘటనా స్థలంలో ఏరిన ఇత్తడి ముక్కను తిరగేసి చూస్తే, సరఫరా ఎంత కాలం కిందటిదో కొంతైనా తెలుస్తుంది. తూటాల నిల్వల నిర్వహణకంటూ సమితి ప్రత్యేక విధానాన్ని ఆమోదించడానికి 2023 దాకా పట్టింది.

అందుకే మీకు ఒక విన్నపం. ఇకపై ఆయుధాల పట్టివేత వార్త రాసేటప్పుడు మీ విలేఖరులు అధికారులను మరో మూడు ప్రశ్నలు అడగాలి: నంబర్లు నమోదు చేశారా, తయారీ దేశానికి పంపారా, జవాబు వచ్చిందా? దర్యాప్తు గోప్యత అడ్డువస్తే, ఆరు నెలలు ఆగి అడిగినా ఫరవాలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు