గోడ మీద బొమ్మకు గీసినవాళ్ల పేరుండాలి: పురపాలక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నంలో గోడల మీద బొమ్మలు వేసి బతికేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఊరికి పెద్ద అతిథులు వస్తున్నారంటే మాకు చేతినిండా పని. 2016లో అంతర్జాతీయ నౌకా సమీక్ష అయినా, 2023 మార్చిలో జీ20 సమావేశమైనా, నెల ముందు నుంచే నగరానికి ముస్తాబు మొదలవుతుంది. వేసిన బొమ్మల ముందు జనం ఆగి ఫొటోలు దిగుతుంటే మా కడుపు నిండిపోతుంది. అతిథులు వెళ్లాక మాత్రం ఆ గోడల సంగతి అడిగేవాళ్లుండరు.

మా ఊరి గోడ మీద బొమ్మ నిలవాలంటే ఓపిక కావాలండీ. సముద్రపు గాలికి గోడలకు ఉప్పు పడుతుంది. పాత రంగు గీకాలి, కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి, పగుళ్లు పూడ్చాలి, ప్రైమర్ కొట్టాలి. ఆ తర్వాతే ఎమల్షన్. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే నాలుగు వారాలైనా ఆగాలి. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖాయమైపోయాక ఇంత టైమ్ ఎవరిస్తారు? ఒకసారి చెమ్మ ఆరని గోడ చూపించి, దీని మీద రంగు నిలవదని చెప్పాను. "ఫంక్షన్ అయ్యేదాకా ఉంటే చాల్లే" అన్నాడు కాంట్రాక్టరు. వానలు పడగానే పెచ్చులూడాయి. జాలరి ముఖం సగం రాలిపోయింది, చేతిలో వల మాత్రం మిగిలింది. ఆ దారిన వెళ్లలేక చాలాకాలం చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి.

దీనికి మూలం ఒక్కటే. బొమ్మను కూడా సున్నం పనిలాగే చదరపు అడుగుల లెక్కన కాంట్రాక్టుకి ఇస్తున్నారు. కాంట్రాక్టరు కింద ఇంకో కాంట్రాక్టరు, వాళ్లందరి లెక్కలూ తేలాక చివర్లో ఆర్టిస్టుకి కూలి. ఆలోచనకు విలువ కట్టకపోతే ఫోన్లో దొరికిన ఫొటోయే గోడెక్కుతుంది. అలాగే విశాఖ గోడ మీద కేరళ పడవ తేలుతుంది! పెదజాలరిపేట ఒడ్డున తెప్పలు చూస్తూ పెరిగినవాడికి ఆ తప్పు ఒక్క చూపులో తెలుస్తుంది. సవర గిరిజనుల చిత్రాల విషయం మరీ బాధ. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేసే సవరలు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలో ఉండగా, వాళ్లను పిలవకుండా వాళ్ల గీతల్ని కాపీ కొట్టించడం న్యాయమా?

మనుషులకు కొరత లేదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. వి. రమేశ్ గారి లాంటి చిత్రకారుడు అక్కడ పాఠాలు చెప్పారు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయిన సైన్‌బోర్డు ఆర్టిస్టులున్నారు. వాళ్లు ఒంటిచేత్తో రాసే అక్షరాల తీరు చూస్తే మీరే మెచ్చుకుంటారు.

చట్టం కూడా మా వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, తన పనికి తన పేరుండాలని అడిగే హక్కు కళాకారుడిది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో కేంద్ర ప్రభుత్వంవాళ్లు తొలగించి పాడుచేశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయనకు రూ. 5 లక్షల పరిహారమిచ్చి, మిగిలిన భాగాలు తిరిగి అప్పగించమంది. కేంద్ర ప్రభుత్వానికే తప్పనిది మన మున్సిపాలిటీలకు ఎలా తప్పుతుంది?

అందుకే అడుగుతున్నాను. గోడ చిత్రాల పనిని సివిల్ టెండర్లలోంచి తీసేయండి. డిజైన్లు పిలిచి, ఎంపికైన ఆర్టిస్టుకే నేరుగా వర్క్ ఆర్డర్ ఇవ్వండి. గోడ సిద్ధం చేసే ఖర్చు, డిజైన్ రుసుము, రంగుల ఖర్చు విడివిడిగా రాయించండి. రెండేళ్లకోసారి మరమ్మతుకు కొంత పక్కన పెట్టండి, ఆ పనికి వేసినవాళ్లనే పిలవండి. బొమ్మ కింద పేరు, సంవత్సరం తప్పనిసరి చేయండి. చెరపాల్సి వస్తే ముందుగా ఒక నోటీసు ఇవ్వండి. గోడల మీద పోస్టర్లు అంటించి పాడుచేసేవాళ్లను ఆపడానికి 1997 నాటి రాష్ట్ర చట్టం ఉండనే ఉంది, దాన్ని అమలు చేస్తే చాలు.

వీటిలో చాలావాటికి కొత్త నిధులు అక్కర్లేదు, ఒక జీవో సరిపోతుంది. ముసాయిదా తయారు చేసేటప్పుడు మా ఆర్టిస్టులను కూడా కూర్చోబెట్టండి. ఎప్పుడు పిలిచినా వస్తాం.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక గోడ చిత్రకారుడు